సగం దాకా ఎక్కిన జెండా

జనవరి చివరి వారంలో ఒక ఉదయం. స్కుగ్గవీక్ ఊళ్ళో థోర్కట్ల ఆ రోజుకి వేసుకున్న లెక్క చాలా సాదాగా ఉంది. అట్లు పోసి చుట్టి పెట్టాలి, జెండా ఎగరేయించాలి, మధ్యాహ్నం అతిథుల్ని ఊరి హాలుకి నడిపించుకు వెళ్ళాలి. నవంబరులో కొండ వెనక్కి పోయిన సూర్యుడు ఆ మధ్యాహ్నం కనుమలోంచి కాసేపు తొంగి చూస్తాడు. ఊరంతా బయట నిలబడి చప్పట్లు కొట్టి, లోపలికి వెళ్ళి కాఫీ తాగుతుంది. దాన్ని ఎండ కాఫీ అంటారు. ఎండ వచ్చినంత త్వరగానే పోతుంది. కాఫీ మాత్రం సాయంత్రం దాకా సాగుతుంది.

థోర్కట్లది ఆ ఊరికున్న ఒకే ఒక్క కొట్టు. కొట్టు మీద అంతస్తులో అతిథులకు గదులు. వేసవిలో గదులు నిండుతాయి. చలికాలంలో గది ఖాళీగా ఉన్నా దాన్ని వెచ్చగా ఉంచక తప్పదు. వేసవి సంపాదన అంతా ఆ ఖాళీ గదులే తినేస్తున్నాయని ఆమెకు తెలుసు. ఈసారి మార్లీస్ అనే స్విట్జర్లాండ్ ఆవిడ తన యాత్రల సంస్థ తరఫున ఒక చిన్న గుంపును వెంటబెట్టుకుని పరీక్షగా వచ్చింది. ఎండ కాఫీ నచ్చితే ఏటా జనవరిలో గుంపులు పంపుతుంది. నచ్చకపోతే వసంతానికి కొట్టు మూసి, రాజధాని రేక్యావిక్‌లో కూతురి ఇంటికి చేరి, కూతురు చెప్పిన చోటే కప్పులు సర్దుకుంటూ బతకాలి. థోర్కట్లకు కూతురంటే ప్రేమే. ఆ వంటింటి మీద మాత్రం లేదు.

ఇంకొక ఖర్చు కూడా ఆమె లెక్కలో ఎప్పుడూ ఉండేది. దాని పేరు సాల్వోర్. సాల్వోర్ ఇల్లు పై వీధిలో, ఎత్తు మీద ఉంది. సూర్యుడు ఆమె కిటికీకి ఒక రోజు ముందే తగులుతాడు కాబట్టి ఆమె ఎండ కాఫీ కూడా ఒక రోజు ముందే పెట్టేస్తుంది. "ఊరికొక సూర్యుడు, సాల్వోర్‌కొక సూర్యుడా?" అని థోర్కట్ల ఒకసారి నలుగురిలో అనేసింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. సాల్వోర్ తనకు కావలసిన పంచదార పక్కింటివాళ్ళ చేత తెప్పించుకుంటుంది. ఎవరి కోసమో తెలిసే థోర్కట్ల తూచి ఇస్తుంది. పగ వేరు, అమ్మకం వేరు.

"ఇదిగో, జెండా పైదాకా ఎక్కించు. పోయినసారిలా మధ్యలో వదిలేసి పడవ చూసుకోడానికి పోకు" అంది భర్తతో, పెనం మీద పిండి తిప్పుతూ.

"పోయినసారి గాలేసింది" అన్నాడు ఓగ్మందూర్.

"గాలి జెండాకి కదా వేసింది. నువ్వెందుకు కొట్టుకుపోయావ్?"

ఓగ్మందూర్ జెండా చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. నలభై ఏళ్ళు సముద్రం మీద గడిపిన మనిషి. గాలితోనూ భార్యతోనూ వాదించేవాడు కాదు.

జెండా కొయ్య ఇంటి ముందు, సముద్రం వైపు ఉంది. వంటిల్లు వెనక వైపు ఉంది. దాని కిటికీలోంచి చర్చి తప్ప మరేమీ కనబడదు. ఓగ్మందూర్ తాడు లాగాడు. జెండా కొయ్యకు సగం దాకా చక్కగా ఎక్కి అక్కడ ఆగింది. రాత్రి తడిసిన తాడు పైన కప్పీలో గడ్డకట్టుకుపోయింది. పైకి లాగితే రాలేదు, కిందకి లాగితే రాలేదు. వేణ్ణీళ్ళు పోస్తే కరుగుతుందని తాడు కట్టేసి పడవల షెడ్డులోకి వెళ్ళి కెటిల్ పెట్టాడు. నీళ్ళు కాగేలోపు పడవ ఇంజను వైపు ఒకసారి చూశాడు. ఇంజను కూడా ఆయన వైపు చూసింది. ఇక కాసేపు కెటిల్ సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఆ కాసేపట్లోనే బడి పంతులమ్మ అటుగా వెళ్తూ కొట్టు ముందున్న జెండాను చూసి ఆగిపోయింది. సగం కొయ్య మీద జెండా అంటే ఊళ్ళో ఎవరో పోయినట్టు. ఒక ఇంట్లో సగానికి దిగితే చుట్టుపక్కల ఇళ్ళు కూడా దించడం మర్యాద. ఆమె వెళ్ళి బడి జెండా సగానికి దించింది. బడిని చూసి రేవులో వాళ్ళు దించారు. రేవును చూసి చేపల గిడ్డంగివాళ్ళు దించారు. పోయిన శరత్కాలంలోనే ఆ ఊరికి వచ్చిన పాస్టరు ఆర్న్‌గ్రీమూర్ కిటికీ తెర తీసి, ఊరంతా దిగిన జెండాల్ని చూసి, చావు కబురు పాస్టరుకే అందకపోతే ఎంత నామర్దా అనుకుంటూ, బూట్లు తొడుక్కోకుండానే పరిగెత్తి చర్చి జెండా దించాడు.

ఓగ్మందూర్ కెటిల్‌తో బయటికి వచ్చేసరికి ఒక్క జెండా పైన లేదు. ఆయన టోపీ తీశాడు. తన జెండా వైపు చూసుకుని, ఇరుక్కుపోవడమే మంచిదైంది, లేకపోతే ఊరంతటికీ మనదొక్కటే సిగ్గులేకుండా పైన ఆడుతూ ఉండేది, అనుకున్నాడు. వేణ్ణీళ్ళు మంచులో పారబోసి లోపలికి వెళ్ళాడు.

అప్పటికే థోర్కట్ల వంటింటి కిటికీలోంచి చర్చి జెండా చూసి, పెనం పొయ్యి మీంచి దించేసింది.

"చూశావా?" అన్నాడు ఓగ్మందూర్.

"చూశాను."

"పాపం."

"పాపమే మరి. ఎంతైనా."

ఇద్దరూ తల దించుకుని నిలబడ్డారు. ఎవరని ఆయన అడగలేదు, ఆమె అడగలేదు. ఆయన అడగకపోవడానికి కారణం, ఊళ్ళో ఎవరికి తుమ్మొచ్చినా థోర్కట్లకు తెలుస్తుంది, తనకు తెలియదంటే తిట్లు తినాలి. ఆమె అడగకపోవడానికి కారణం వేరు. స్కుగ్గవీక్‌లో పోయిందెవరని అడగడమంటే మాకెవరూ కబురు చేయలేదని ఒప్పుకోవడం. మామూలు ఇల్లాలు ఒప్పుకుంటే కొంచెం పరువు పోతుంది. కొట్టు నడిపే మనిషి ఒప్పుకుంటే కొట్టు పరువే పోతుంది. జనం ఆమె దగ్గరికి ఉప్పు కోసం ఎంత వస్తారో కబుర్ల కోసం అంతే వస్తారు.

కాబట్టి ఆమె తెలివిగా కనుక్కోవాలని పాస్టరుకి ఫోన్ చేసింది.

"పాస్టర్‌గారూ, విన్నాను" అంది జాగ్రత్తగా.

"మీకు తెలియకుండా ఉంటుందా, థోర్కట్లా" అన్నాడాయన ఇంకా జాగ్రత్తగా.

"ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారంటారు?"

"మీరే చెప్పాలి. మీకెలా అనిపించారు?"

"ఏముందండీ, ఎవరికైనా కష్టమే."

"కష్టమే. పెద్ద వయసు అనుకున్నా కష్టమే."

పెద్ద వయసన్నమాట, అని థోర్కట్ల ఆ ముక్కను భద్రంగా పక్కన పెట్టుకుంది. పాస్టరు ఊరికే అన్నాడు. ఆ ఊళ్ళో ఎవరు పోయినా పెద్ద వయసే అయ్యుంటుందని ఆయన అంచనా.

"ఇవాళ హాల్లో కాఫీ ఉంది కదా..." అంది ఆమె.

"ఉండాలి, తప్పకుండా ఉండాలి. అందరూ ఒకచోట కూర్చోవడమే ఓదార్పు. నేను పాడేవాళ్ళని తీసుకొస్తాను."

"అకార్డియన్ వద్దని చెబుతాను."

"వద్దు, వద్దు. మెల్లగా ఉండే కీర్తనలు చాలు."

ఫోన్ పెట్టేశాక ఇద్దరూ ఎదుటివారికి అంతా తెలుసని తేల్చుకున్నారు. థోర్కట్ల కొట్టు వాకిలి తీసి రేవు చివర ఉన్న హెర్మోదూర్ ఇంటి వైపు చూసింది. కిటికీలో దీపం లేదు. ఊళ్ళో అందరికంటే పెద్దవాడు ఆయనే. రోజూ ఉదయం కొట్టుకొచ్చి, పత్రిక తీసి మొదటినుంచి చివరిదాకా చదివి, ఎలా ఉన్నదాన్ని అలా మడిచి పెట్టి వెళ్ళిపోతాడు. నిన్ననే ఆమె, "హెర్మోదూర్, ఇది కొట్టు, గ్రంథాలయం కాదు" అంది. ఆయన పత్రిక సగంలోనే మడిచి వెళ్ళిపోయాడు. ఒక మనిషి చివరిసారి చదువుతున్న పత్రికను మధ్యలో ఆపించానా అని థోర్కట్ల గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

కానీ గదుల్లో అతిథులున్నారు. కాఫీ ఆపితే మార్లీస్ చూడ్డానికి ఏమీ మిగలదు. థోర్కట్ల మనసులోనే లెక్క వేసింది. అట్లు పండగకీ అవే, చావుకీ అవే. కాఫీ కూడా అంతే. వంటింట్లో మార్చవలసింది ఏమీ లేదు. బట్టలూ ముఖాలూ మారితే చాలు. ఆమె నల్ల గౌను తీసి ఇస్త్రీ చేసింది.

పైన గదిలో మార్లీస్ ఆమె కోసమే ఎదురుచూస్తోంది.

"జెండాలన్నీ సగానికే ఉన్నాయి. మీరూ నల్ల బట్టలు వేసుకున్నారు. ఏమైనా జరిగిందా?"

జరిగిందంటే ఎవరికని అడుగుతుంది. ఎవరికో తెలియదంటే, అంత చిన్న ఊళ్ళో పోయినవాళ్ళ పేరు కూడా తెలియని మనుషులా వీళ్ళు అనుకుంటుంది. హెర్మోదూర్ అని చెబుదామంటే ఖాయంగా తెలియదు. ఖాయంగా తెలియని సరుకు మీద చీటీ అంటించడం థోర్కట్లకు అలవాటు లేదు. ఆమె కిటికీలోంచి బయటి బూడిదరంగు వెలుతురును చూసింది.

"చీకటి పోతోంది కదండీ ఇవాళ" అంది. "ఇన్నాళ్ళు మాతో ఉంది. పోయేటప్పుడు మర్యాద చెయ్యాలి."

చెప్పాక తనే ఆశ్చర్యపోయింది. మార్లీస్ కిటికీ దగ్గరికి వచ్చి దిగిన జెండాల్ని మళ్ళీ చూసింది.

"చీకటికి సంతాపమా?"

"ఏదో మా పద్ధతి" అంది థోర్కట్ల. మెట్లు దిగుతుంటే, బతుకులో మొదటిసారి తూకం తక్కువ వేసినట్టు అనిపించింది.

మధ్యాహ్నం గుంపు హాలుకి బయల్దేరింది. వాళ్ళ చలికోట్లు ఎరుపు, పసుపు, చిలకపచ్చ. మార్లీస్ వాళ్ళకి ఏం చెప్పిందో గాని, అందరూ కోట్లు తిరగేసి తొడుక్కున్నారు. లోపలి బూడిదరంగు అస్తరు పైకి, కుట్లూ జేబులూ బయటికి. తలలు వంచుకుని మంచులో ఒకరి వెనక ఒకరు నడిచి వస్తుంటే హాలు ముందున్న జనం దారి ఇచ్చారు.

"చూడు, పైదేశం వాళ్ళకి కూడా తెలిసిపోయింది" అని గొణిగింది బడి పంతులమ్మ.

"ఎంత మర్యాద! కోట్లు కూడా తిరగేసుకున్నారు" అన్నాడు రేవు మనిషి. "ఎవరనుకున్నారు మరి! మామూలు మనిషా?"

"కాదు మరి" అంది పంతులమ్మ. ఇద్దరూ ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు, ఎవరైనా పేరు జారవిడుస్తారేమోనని. ఎవరూ విడవలేదు.

కొండ కనుమ నిండా దట్టమైన మబ్బు పట్టి ఉంది. సూర్యుడు వచ్చే సూచన లేదు. మామూలు ఏడాదైతే థోర్కట్లకు అదే పెద్ద నష్టం. ఇవాళ ఎవరూ పైకి చూడలేదు. లోపల అందరూ నల్ల బట్టల్లో కూర్చున్నారు. పాటగాళ్ళు రెండు కీర్తనలు పాడారు. ఆ తర్వాత పాస్టరు లేచాడు. పేరు తెలియకుండా సంతాపం చెప్పవలసి రావడం ఆయనకు అదే మొదలు. అందుకే మరీ బాగా చెప్పాడు.

"మన మధ్య ఎప్పుడూ ఉండేవాళ్ళని మనం చూడం" అన్నాడు. "లేనప్పుడు చూస్తాం. ఇవాళ ఈ గదిలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది."

అందరూ చూశారు. నిజంగానే కిటికీ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. హెర్మోదూర్ ఎప్పుడూ కూర్చునేది అదే. ఒకరిద్దరు ఆడవాళ్ళు ముక్కు చీదారు. అతిథుల్లో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. థోర్కట్ల కాఫీ కూజా పట్టుకుని, రేపటినుంచి పత్రిక ఎవరు చదివినా ఏమీ అనకూడదని తీర్మానించుకుంది.

తలుపు తెరుచుకుంది. హెర్మోదూర్ వచ్చాడు. నల్ల సూటు, చేతికర్ర, బూట్ల నిండా మంచు. మెల్లగా నడిచి వెళ్ళి, ఖాళీ కుర్చీలో కూర్చుని, పక్కనున్న పంతులమ్మ వైపు వంగాడు.

"ఆలస్యమైంది. బల్బు పోయి బూట్లు కనబడి చావలేదు" అన్నాడు చెవిటివాళ్ళ గొంతుతో, హాలంతా వినబడేలా. "ఎవరు పోయారు?"

పాస్టరు నోరు తెరిచి మూసుకున్నాడు. ఇప్పుడు గదిలో ఖాళీ కుర్చీ లేదు. జనం తలలు ఒక్కొక్కటిగా తిరిగాయి. ఎవరెవరున్నారు, ఎవరు లేరు అని అందరూ లోపల్లోపల సరుకు లెక్క చూసుకుంటున్నారు. థోర్కట్ల అందరికంటే ముందే లెక్క ముగించింది. లేనిది ఒక్కరే. సాల్వోర్.

సాల్వోర్ ఆ హాల్లోకి ఎలాగూ రాదు. అయినా ఇంకెవరూ తక్కువ లేరు కాబట్టి అది సాల్వోరే. థోర్కట్ల ఈ లెక్కను కూడా వ్యాపారిలాగే వేయబోయింది. పోటీ కాఫీ ఇక ఉండదు. ఊరికి ఒకే సూర్యుడు. ఇది లాభం వైపు రాయవలసిన సంగతి. కానీ కాఫీ కప్పు దాటి ఒక అతిథి సాసరులో పడింది. పంచదార తూచి ఇచ్చినప్పుడల్లా ఒక చెంచాడు ఎక్కువే వేసి ఇచ్చిందని, అది తనకు తప్ప ఎవరికీ తెలియదని, ఇక ఎవరికి చెప్పాలో తెలియదని ఆమెకు ఆ క్షణాన గుర్తొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మార్లీస్ ఆ కన్నీళ్ళను చూసి తన చెయ్యి గుండె మీద పెట్టుకుంది.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి ముందు ఒక పెద్ద పళ్ళెం వచ్చింది. తెల్లగుడ్డ కప్పిన అట్ల పళ్ళెం. దాని వెనక నల్ల శాలువా కప్పుకుని, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడ్డ సాల్వోర్.

సాల్వోర్ నేరుగా ఓగ్మందూర్ దగ్గరికి వెళ్ళింది. "ధైర్యం తెచ్చుకో, ఓగ్మందూర్. దాని నోరు పెద్దదే గాని మనిషి చెడ్డది కాదు. పైన కిటికీలోంచి మీ జెండా చూసినప్పటినుంచి నాకు కాలూ చెయ్యీ ఆడలేదు..." అంటూ తల తిప్పింది. కూజా పట్టుకుని నిలబడి ఉన్న థోర్కట్ల కనబడింది.

"నువ్వా!" అంది సాల్వోర్.

"నువ్వా!" అంది థోర్కట్ల.

"నువ్వు పోలేదా?"

"నేనెందుకు పోతాను? నువ్వు పోయావు కదా!"

"ముందు దిగింది మీ జెండానే! పొద్దున్నే నేను కళ్ళారా చూశాను. మీ తర్వాతే బడి, తర్వాతే రేవు!"

హాలంతా థోర్కట్ల వైపు తిరిగింది. థోర్కట్ల ఓగ్మందూర్ వైపు తిరిగింది. ఆయన టోపీ చేతుల్లో తిప్పుకుంటూ కాసేపు ఆలోచించాడు.

"దిగలేదు" అన్నాడు. "ఎక్కలేదు. తాడు గడ్డకట్టింది."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒక్కసారే అర్థమైంది. హెర్మోదూర్ మాత్రం, "ఏమంటాడు? ఎవరు పోయారంటాడు?" అని అడుగుతూనే ఉన్నాడు. పంతులమ్మ ఆయన చెవిలో, "ఎవరూ పోలేదు, హెర్మోదూర్! ఎవ్వరూ!" అని అరిచింది. ఆ అరుపుతో హాలు పగిలింది. నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు, ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు, పాస్టరు రెండూ చేస్తున్నాడు. ఎవరికి ఎవరు దొరికితే వాళ్ళని కౌగిలించుకున్నారు. సాల్వోర్ పళ్ళెం వదలకుండా, థోర్కట్ల కూజా వదలకుండా ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకున్నారు. కాఫీ సాల్వోర్ శాలువా మీంచి కారింది.

"నన్ను తలుచుకుని ఏడ్చావా?" అంది సాల్వోర్.

"లేదు. కళ్ళలో ఆవిరి పడింది."

"నీ మొహం. ఆవిరికి ముక్కు కారుతుందా?"

సరిగ్గా సూర్యుడు కనుమలో కనబడవలసిన సమయం అది. అతిథులు గోడ మీది గడియారాన్ని చూశారు, నవ్వుతున్న ఊరిని చూశారు, చీకటి సంతాపం ముగిసిందనుకుని ఒక్కొక్కరుగా లేచి కౌగిలింతల్లో కలిశారు. తిరగేసిన కోట్లను తిరిగి తిరగేసుకున్నారు. బూడిదరంగు హాలు ఒక్కసారి ఎరుపూ పసుపూ చిలకపచ్చా అయింది. బయట మబ్బు అంగుళం కూడా కదల్లేదు.

జనం పల్చబడ్డాక థోర్కట్ల మార్లీస్ ఎదుట కూర్చుంది. రేక్యావిక్‌లోని కూతురి వంటిల్లు కళ్ళ ముందు మెదిలింది. అయినా తప్పుడు తూకంతో ఆమె ఎన్నడూ సరుకు అమ్మలేదు. ఇప్పుడు మొదలుపెట్టడానికి వయసు దాటిపోయింది.

"మీకు నిజం చెప్పాలి" అంది. "చీకటికి సంతాపం అలాంటిదేమీ లేదండీ. మా ఆయన జెండా ఎక్కిస్తుంటే తాడు ఇరుక్కుంది. ఎవరో పోయారని ఊరంతా అనుకుంది. ఎవరూ పోలేదని ఇందాకే తెలిసింది. అంతే. సూర్యుడు కూడా రాలేదు. మీ డబ్బూ సమయమూ దండగయ్యాయి."

మార్లీస్ ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"నాకు తెలుసు" అంది మెత్తగా. "ఇలాంటివి బయటివాళ్ళకి చెప్పకూడదు. నేను చాలా దేశాలు తిరిగాను. నిజమైన ఆచారం ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఇలాగే, 'అబ్బే, ఏమీ లేదు, తాడు ఇరుక్కుంది' అంటారు."

"ఇరుక్కున్న మాట నిజమండీ! పైన చూడండి, ఇంకా అక్కడే ఉంది!"

"అవును" అంది మార్లీస్, కిటికీలోంచి ఆ జెండాను భక్తిగా చూస్తూ. "ఇంకా అక్కడే ఉంది."

"సూర్యుడు రాలేదు కదా మరి?"

"ఎండ మా ఊళ్ళోనూ ఉంది, థోర్కట్లా."

థోర్కట్ల ఇంకొకసారి చెప్పింది. చెప్పేకొద్దీ మార్లీస్ కళ్ళు మరింత చెమర్చాయి. మూడోసారి థోర్కట్ల ఆపేసింది. సరుకు ఎలాంటిదో దాచకుండా చెప్పాక కూడా అదే కావాలని పట్టుబట్టేవాళ్ళని కొట్టులోంచి గెంటడం ఏ వ్యాపారానికీ నీతి కాదు.

వసంతంలో ఒప్పందం కాగితాలు వచ్చాయి. ఏటా జనవరిలో గుంపులు పంపుతారు. గదులు నిండుతాయి. కొట్టు మూయనక్కర్లేదు. థోర్కట్ల, సాల్వోర్, పాస్టరు, హెర్మోదూర్ కొట్టులో కూర్చుని ఆ కాగితాల్ని చదివారు. అంతా ఈ ఏడాది జరిగినట్టే జరగాలని ఉంది. ముసలాయన ఆలస్యంగా వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చోవడం, పళ్ళెంతో ఆవిడ రావడం విడివిడిగా రాశారు.

"నాకు ఉత్తినే ఏడవడం రాదు" అంది సాల్వోర్.

"ఈసారి బాగానే వచ్చిందిగా" అంది థోర్కట్ల.

"అప్పుడు నువ్వు పోయావనుకున్నా."

"ప్రతి ఏడూ అనుకో. నేనూ అనుకుంటాను."

హెర్మోదూర్ పత్రిక మీంచి తలెత్తాడు. "ప్రతి ఏడూ ఆలస్యంగా రావాలంటే, ముందు ప్రతి ఏడూ ఉండాలి కదా" అన్నాడు. ఆ షరతు పూచీ ఎవరు తీసుకుంటారో తేలక, పాస్టరు పేజీ తిప్పాడు.

చివరి పేజీలో రాసి ఉంది. సూర్యుడు రాకపోయినా ఒప్పందం చెల్లుతుంది. ఊరివాళ్ళు ఏడవకపోతే మాత్రం చెల్లదు.